కాపలాదారు కేక

డబ్బిచ్చి కొన్న వస్తువు, కొన్న తర్వాత కూడా మనకు మరేదో అమ్మజూపుతూ ఉంటే అది నైతికమైన తప్పా, లేక ఒట్టి చికాకేనా? ప్రశ్న పైకి అల్పంగానే కనిపిస్తుంది. చదువుకున్నవాళ్లకు ఉద్యోగాల్లేని దేశంలో, కంప్యూటరు తెర మూల నుంచి లేచే ఒక ప్రకటన పెట్టె మీద వ్యాసమేమిటని విద్యార్థి మిత్రులు నవ్వవచ్చు. కొన్నాళ్ల కిందటిదాకా నేనూ నవ్వేవాణ్ణే. నా అభిప్రాయం మార్చింది మా నాన్న.

ఆయన రిటైరైన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. మా ఊరి కోలాటం పాటలు సేకరించి టైపు చేసుకుంటానంటే నేనే ఒక కంప్యూటరు కొనిచ్చాను. వైరస్‌ల భయం ఉంటుందని, డబ్బు చెల్లించి ఒక యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ కూడా వేయించాను. నెల తిరక్కుండానే ఒక రాత్రి పదిగంటలప్పుడు ఫోను చేశారు. "ఒరేయ్, ఎర్ర పెట్టె వచ్చిందిరా. మూడు లోపాలున్నాయట. దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నాను" అన్నారు. ఆ మూడూ చదివించుకున్నాను. ఆ కంపెనీవారి వి.పి.ఎన్. మనం కొనలేదట. కంప్యూటరును శుభ్రం చేసే వారి మరో సాఫ్ట్‌వేరూ కొనలేదట. ఇంతకన్నా ఖరీదైన పథకంలోకి మారలేదట. అవీ మన లోపాలు! "అది ప్రకటన నాన్నా, మూసెయ్యి" అన్నాను.

"ప్రకటనైతే ఎర్రగా ఎందుకుంటుందిరా?" అన్నారాయన.

నాకు అప్పుడు జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న జవాబనుకోవచ్చు.

ప్రకటనలను సమర్థించేవారి వాదం మనకు తెలియనిది కాదు. పత్రికను డబ్బిచ్చే కొంటున్నాం, అందులో ప్రకటనలు లేవా? టిక్కెట్టు కొని సినిమాకు వెళుతున్నాం, అక్కడ చూడటం లేదా? ఒక్క క్లిక్‌తో పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకు? ఈ వాదాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. పత్రికకు మనమిచ్చే ధర దాని ఖర్చుకు చాలదనీ, తక్కినది ప్రకటనలు భరిస్తాయనీ పాఠకుడికి తెలుసు. ఆ బేరం బహిరంగమైనది. పైగా పత్రికలోని ప్రకటన తన చోటున తాను పడి ఉంటుంది, కన్ను దాన్ని దాటిపోగలదు. (మొదటి పేజీని మొత్తంగా కప్పేసే ప్రకటనల సంగతి వేరు. వాటిని నేను సమర్థించబోవడం లేదు.) సినిమా ఉదాహరణ మాత్రం సమర్థకులకు అంతగా కలిసిరాదు. టిక్కెట్టు మీద వేసిన వేళ దాటాక 25 నిమిషాలు ప్రకటనలే చూపించారని బెంగుళూరు ప్రేక్షకుడొకడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో కమిషన్ అతని పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. మార్చిలో కర్ణాటక హైకోర్టు దాన్ని నిలుపు చేసింది. ఉత్తర్వు మాటెలా ఉన్నా, డబ్బిచ్చినవాడి కాలం ఎవరి సొత్తన్న ప్రశ్న న్యాయస్థానం మెట్లెక్కింది.

పాప్-అప్ ప్రకటన పుట్టుక కూడా ఒక బేరం నుంచే జరిగింది. 1990లలో అమెరికాలో ట్రైపాడ్ అనే సంస్థ జనానికి ఉచితంగా వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చేది, ప్రకటనల మీద బతికేది. ఒక కార్ల కంపెనీవారి ప్రకటన అశ్లీలమైన పేజీ మీద పడింది. కంపెనీకి కోపం వచ్చింది. ప్రకటన ఆ పేజీలో ఉండకూడదు, అయినా ఆ పేజీ చూసేవాడి కంట పడాలి. అందుకని ఈథన్ జుకర్‌మన్ అనే ఉద్యోగి, ప్రకటన విడిగా ఒక కొత్త పెట్టెలో లేచి వచ్చేటట్టు ప్రోగ్రాం రాశాడు. 2014లో ఒక వ్యాసంలో ఆయనే అందుకు క్షమాపణ చెప్పుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది ఆ మనిషి పశ్చాత్తాపం కాదు, ఆ పెట్టెకు అప్పుడున్న సాకు. వస్తువు ఉచితం కనుక ప్రకటన. ఆ సాకు ఇప్పుడు పోయింది, పెట్టె మాత్రం మిగిలింది.

విండోస్‌నే చూడండి. కంప్యూటరు ధరలోనే దాని ధర కలిసి ఉంటుంది. 2015 జూలైలో విండోస్ 10 విడుదలైనప్పుడు, పాత విండోస్ వాడేవాళ్ల తెర మీద "మారండి, మారండి" అంటూ పెట్టెలు లేచాయి. 2016 వచ్చేసరికి, మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి పెట్టెను మూసినా, ముందే నిర్ణయించిన మార్పు రద్దయ్యేది కాదు. వద్దన్న మాటను సరేనన్న మాటగా లెక్కకట్టారన్నమాట. హద్దు దాటామని మైక్రోసాఫ్ట్ ప్రచార విభాగాధిపతి అదే ఏడాది చివర ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నంత మాత్రాన అలవాటు పోలేదు. 2017లో ఫైళ్లు వెతుక్కునే కిటికీలోనే ఆ కంపెనీవారి వన్‌డ్రైవ్ ప్రకటన కనిపించింది. 2024 ఏప్రిల్‌లో విండోస్ 11 స్టార్ట్ మెనూలోకి "సిఫార్సుల" పేరుతో ప్రకటనలు వచ్చాయి. ప్రకటన అనకుండా సిఫార్సు అనడం చూడండి. కాలేజీలో సీటుకు సిఫార్సు చేసేవాడు కూడా ఇంత చనువు తీసుకోడు!

కెనడా పండితుడు డాలస్ స్మైత్ 1977లో ఒక వ్యాసం రాశాడు. ప్రకటనల మీద నడిచే ప్రసార సాధనాలు అమ్మే అసలు సరుకు కార్యక్రమాలు కావు, ప్రేక్షకులేనని ఆయన వాదన. రేడియోకూ టెలివిజనుకూ ఆ మాట చక్కగా సరిపోయింది. మన ఉదాహరణ దగ్గర దాన్ని కొంచెం పొడిగించవలసి ఉంది. ఇక్కడ కొన్నవాడూ, సరుకూ ఒక్కడే. మా నాన్న ఏడాదికింతని చెల్లించి ఒక వస్తువు కొన్నారు. అదే క్షణంలో ఆయన చూపు ఆ కంపెనీ చేతికి ముడిసరుకుగా చిక్కింది. నిజానికి "కొన్నారు" అనడం కూడా సరికాదు. చేతికి వచ్చింది లైసెన్సు, అంటే గడువున్న అనుమతి. మన ఇంట్లో కంపెనీవారు అద్దెకున్నారో, కంపెనీవారి ఇంట్లో మనం అద్దెకున్నామో తేలని స్థితి ఇది.

అయితే ఇంతవరకు చెప్పింది కాలహరణం గురించి. అది చిన్న నేరమేనని నేను ఒప్పుకుంటాను. క్లిక్‌కు అరనిమిషం పోతుంది. మనం అంతకన్నా ఎక్కువ కాలాన్ని స్టాఫ్ మీటింగుల్లో పోగొట్టుకుంటున్నాం. అసలు తప్పు ఆ ఎరుపులో ఉంది. ఎర్ర రంగు మీద మనకు వేరే మమకారం ఉన్నమాట నిజమే గాని, నేనంటున్నది ప్రమాద చిహ్నమైన ఎరుపు. రైల్వే గేటు దగ్గర ఒకడు ఎర్రజెండా ఊపి, రైలాగాక పెట్టె పెట్టెకూ తిరిగి సోడాలమ్మాడనుకోండి. ప్రయాణికులకు కలిగిన ఆలస్యం ఒక నష్టం. ఆ రోజు నుంచి ఆ దారిన ఎర్రజెండాకు అర్థం లేకుండా పోవడం వేరే నష్టం. మొదటిది ఆ బండిలో ఉన్నవాళ్లది. రెండోది రేపటి బండిలో ఎక్కేవాళ్లది కూడా.

యాంటీవైరస్ సామాన్యమైన సరుకు కాదు. అది కాపలా. కాపలాదారుకు మనం జీతమిచ్చేది అతని చేతికర్రను చూసి కాదు. అతను కేకవేస్తే అది నిజమైన కేకేనన్న నమ్మకానికి. ఆ నమ్మకాన్ని పెట్టుబడిగా పెట్టి కాపలాదారే చిల్లర వ్యాపారం మొదలుపెడితే, మనం దేనికి డబ్బిచ్చామో దాన్నే అతను ఖర్చు చేస్తున్నాడు. కాపలాదారులు ఇంతకన్నా దూరం వెళ్లిన సందర్భం కూడా ఉంది. తమ యాంటీవైరస్ వాడేవాళ్లు ఇంటర్నెట్‌లో ఏమేం చూశారన్న సమాచారాన్ని అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు అవాస్ట్ కంపెనీ కోటీ 65 లక్షల డాలర్లు చెల్లించాలని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిర్ణయించింది. (మా నాన్న కంప్యూటరులో ఉన్నది అది కాదు.)

"నాన్నా పులి" కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. అబద్ధపు కేకలు వేసిన కుర్రవాడికి నిజం పులి వచ్చిననాడు ఎవరూ రారు. ఆ కథలో న్యాయం ఉంది, అబద్ధమాడినవాడే ఫలితం అనుభవిస్తాడు. మన కాలపు కథలో ఆ న్యాయం లేదు. కేక వేసేవాడు ఎక్కడో క్షేమంగా ఉంటాడు. పులి నోట పడేది విన్నవాడు.

మా ఇంట్లో అదే జరిగింది. ఎర్ర పెట్టె వస్తే చదవకుండా మూసెయ్యమని నాన్నకు నేనే నేర్పాను. ఆయన క్రమశిక్షణ గల మనిషి, చెప్పినట్టే చేశారు. వాటి మధ్య నిజమైన హెచ్చరిక ఒకటి రోజూ వస్తూనే ఉంది: అప్‌డేట్లు ఆగిపోయాయి, కాపలా పనిచెయ్యడం లేదు అని. దాన్నీ ఆయన రోజూ మూసేస్తూ వచ్చారు. పాటలు ప్రింటు తీయించడానికి జిరాక్సు షాపుకు పట్టుకెళ్లిన పెన్‌డ్రైవ్ తిరిగొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి ఉన్నాయి. షాపు కుర్రవాడు ఉపకారం చేద్దామని దాన్ని ఫార్మాట్ చేశాడు. కంప్యూటరులోకి ఎక్కించకుండా ఆ పెన్‌డ్రైవ్‌లోనే ఉంచిన పాటలు 60 దాకా పోయాయి. వాటిలో కొన్నింటిని పాడి వినిపించిన ముసలమ్మ ఇప్పుడు లేదు.

పాటలు పోవడానికి ఆ కంపెనీయే కారణమని నేను అనను. అంటే అబద్ధమవుతుంది. ఫార్మాట్ చేసింది కుర్రవాడు. రెండో ప్రతి ఉంచుకోమని చెప్పనివాణ్ణి నేను. పెట్టెలన్నింటినీ ఒకే గాటకట్టి మూసెయ్యమన్నవాణ్ణీ నేనే. కాని ఆ రెండు రకాల పెట్టెలకూ ఒకే రంగు, ఒకే శబ్దం, తెర మీద ఒకే చోటు పెట్టింది నేను కాదు. ఒక బడిపంతులు తేడా కనిపెట్టలేకపోయాడంటే, తేడా కనిపించకూడదనే అలా చేశారు. అది పొరపాటు కాదు. అందులో ఒక మనిషి తెలివీ, జీతమూ ఉన్నాయి.

చట్టం ఏం చేస్తున్నదని అడగవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయోపాయాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. అమ్మకం కోసం పదే పదే వేధించడం అందులో ఒకటి. ప్రకటనను వేరే వేషంలో చూపడం మరొకటి. మంచి పనే. అయితే వేధింపును నిర్వచిస్తూ, వినియోగదారు ప్రత్యేకంగా అనుమతించినప్పుడు తప్ప అన్న మాట చేర్చారు. ఎవరూ చదవని లైసెన్సు ఒప్పందం కింద "సమ్మతమే" అని నొక్కడమే ఆ అనుమతి అని కంపెనీ వకీలు వాదించడని ఎవరు చెప్పగలరు? ఆ పెట్టెలను ఆపే మీట మా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఉంది. సెట్టింగులలో నాలుగు తలుపులు దాటాక "మీకు ఉపయోగపడే సమాచారం" అన్న పేరుతో దాగి ఉంది. దాన్ని ఆపాను. తర్వాతి అప్‌డేట్‌తో అది మళ్లీ తెరుచుకుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు రమ్మని మన విద్యార్థుల్లో కొందరు చాలా కాలంగా చెబుతున్నారు. వారి మాటలో సత్యముంది. అక్కడ ప్రకటనలే రావని మాత్రం భ్రమపడకూడదు. 2012లో ఉబుంటు 12.10లో మన ఫైళ్లు వెతుక్కుంటుంటే అమెజాన్ సరుకులు ప్రత్యక్షమయ్యాయి. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని బహిరంగంగా దుయ్యబట్టాడు. వాడేవాళ్లు దాన్ని తీసేసే ఉపాయాలు ఒకరికొకరు చెప్పుకున్నారు. 2016 నాటి 16.04లో దాన్ని ముందుగానే ఆపి ఉంచారు. లోభం అక్కడా ఉంది. కాని తలుపు తాళం ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఉంది.

మా యాంటీవైరస్ లైసెన్సు వచ్చే నెలతో అయిపోతుంది. పొడిగించవద్దని నాన్నకు చెప్పాను. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచీ విండోస్‌లోనే ఒక కాపలా ఉంటున్నది, మనకది చాలునన్నాను. పైన నేను తప్పుపట్టిన కంపెనీదే ఆ కాపలా కూడా, వేరే దారి తోచక ఆ మాటన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "కట్టేద్దాంలేరా. ఈసారి నిజంగానే వస్తేనో?" అన్నారు.