నిస్సహాయతలో నిరీక్షణ: క్రైస్తవ ప్రార్థన ఇచ్చేది ఏమిటి?

మనిషి తాను చేయగలిగిందంతా చేశాక, ఫలితం పూర్తిగా ఇంకెవరి చేతిలోనో ఉండిపోయే స్థితి నిస్సహాయత. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలోని తీరగ్రామాలకు ఈ స్థితి కొత్త కాదు. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లిన, ఈ గ్రామాలవారితో సహా ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వారిలో ఎక్కువమంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అర్జీలు పెట్టుకోవడం, కబురు కోసం ఎదురుచూడడం తప్ప ఇళ్ల దగ్గరున్న కుటుంబాలు చేయగలిగింది ఏమీ లేకపోయింది. తుపాను రాత్రి, డయాలసిస్ మంచం, పంట పోయిన ఏడు కూడా ఇలాంటివే. ఈ స్థితిలో ఏ మతం వారైనా తమ దేవుణ్ణి తలచుకుంటారు. అలాంటప్పుడు ప్రార్థన నిజమైన ఆశను ఇస్తుందా, మనసుకు కాసేపు ఊరట మాత్రమే ఇస్తుందా అన్న ప్రశ్నను క్రైస్తవ ఆలోచనాపరులు చాలా కాలంగా చర్చించారు.

13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ ఆశించే విషయానికి నాలుగు లక్షణాలు చెప్పాడు: అది మంచిదై ఉండాలి, ఇంకా చేతికి అందనిదై ఉండాలి, కష్టసాధ్యమై ఉండాలి, అయినా సాధ్యమై ఉండాలి. సాధ్యం కాదని తేల్చుకుంటే అది నిరాశ. కష్టమేమీ లేదనుకుంటే అది ఒట్టి ధీమా. ఆ సాధ్యత సొంత బలం మీదే ఆధారపడనక్కరలేదని, మరొకరి సహాయం మీద కూడా నిలబడవచ్చని ఆయన వివరించాడు. సొంత బలం అడుగంటినప్పుడు సొంత బలం మీద పెట్టుకున్న ఆశ పోతుంది, సహాయకుడి మీద పెట్టుకున్నది పోదు. ప్రార్థన ఆ సహాయకుడి వైపు తిరగడమే కనుక, ఆశ పలికే భాష ప్రార్థన అని అక్వినాస్ భావించాడు.

ఈ ప్రార్థన దుఃఖాన్ని దాచిపెట్టుకోమనదు. బైబిలులోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. ఎంతకాలం మరచిపోతావని దేవుణ్ణి నిలదీస్తూ మొదలయ్యే 13వ కీర్తన స్తుతితో ముగుస్తుంది. 88వ కీర్తనలో ఆ మలుపు కూడా ఉండదు, అది చీకటిలోనే ఆగిపోతుంది. అలాంటిదాన్ని కూడా ఆరాధనా గ్రంథంలో ఉంచారంటే, ఫిర్యాదు అవిశ్వాసం కాదని ఒప్పుకున్నట్టే. వినేవాడు లేడనుకున్నవాడు ఫిర్యాదు చేయడు. అందుకే విలాపాన్ని ఆశకు మొదటి మెట్టుగా వ్యాఖ్యాతలు పరిగణిస్తారు.

అడిగినదల్లా దొరుకుతుందన్న హామీ కూడా ఈ సంప్రదాయంలో లేదు. తెలుగువారికి మొర అనగానే గజేంద్రుడు గుర్తొస్తాడు. లావు ఉడిగిన ఏనుగు పిలిస్తే హరి పరుగున వచ్చి మొసలిని సంహరిస్తాడు. తన బలం మీద నమ్మకం విడిచి శరణు కోరడం వరకు క్రైస్తవ ప్రార్థనదీ అదే దారి. గెత్సేమనే తోటలో మాత్రం కథ వేరుగా నడుస్తుంది. తన ముందున్న శ్రమల పాత్ర తొలగిపోవాలని యేసు కోరాడు, అయినా తండ్రి చిత్తమే జరగాలన్నాడు. పాత్ర తొలగలేదు, సిలువ తప్పలేదు. పౌలు కూడా తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నానని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెబుతాడు. ముల్లు పోలేదు, దానితో బతకడానికి చాలినంత కృప ఉంటుందన్న జవాబు వచ్చింది. శ్రమ ఓర్పును, ఓర్పు నిలకడైన స్వభావాన్ని, ఆ స్వభావం నిరీక్షణను పుట్టిస్తాయని రోమీయులకు రాసిన పత్రికలో ఆయన చెప్పిన వరుస వెనక ఈ అనుభవం ఉందనుకోవచ్చు.

అన్నీ తెలిసిన దేవుణ్ణి అడగడం ఎందుకన్నది పాత ఆక్షేపణ. క్రైస్తవ వేదాంతి అగస్టీన్ 5వ శతాబ్దం ఆరంభంలో ప్రోబా అనే రోమన్ వితంతువుకు రాసిన లేఖలో దీనికి జవాబిచ్చాడు. ప్రార్థన దేవుడికి సమాచారం చేరవేయడానికి కాదని, దేవుడు ఇవ్వదలచినదాన్ని అందుకునేలా మనిషి కోరికను విశాలం చేయడానికని అగస్టీన్ వాదన. దేవుడి నిర్ణయాన్ని మార్చడానికి కాక, ప్రార్థన ద్వారా నెరవేరాలని ఆయనే ఏర్పరచినవాటిని పొందడానికి ప్రార్థించాలని అక్వినాస్ చేర్చాడు.

తెలుగునాట ఈ ఆలోచనలకు చరిత్రలో ఒక పరీక్ష దొరుకుతుంది. దాని మొదలు శ్రీకాకుళమే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో వచ్చి, అప్పట్లో చికాకోల్ అనే ఈ పట్టణంలో కొంతకాలం ఉన్నాడు. 1837లో మద్రాసుకు, 1840లో నెల్లూరుకు మారాడు. ఏళ్లు గడిచినా చెప్పుకోదగిన ఫలితం లేకపోవడంతో ఈ మిషన్‌ను మూసేయాలన్న చర్చ అమెరికాలో పదేపదే వచ్చింది. మ్యాపు మీద ఒక్క చుక్కగా మిగిలిన దానికి 1853లో లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అనే పేరు పడింది. 1854 జనవరి 1న ఈ మిషన్‌కు చెందిన లైమన్ జువెట్, ఆయన భార్య, వారి తెలుగు సహచరులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి, ఆ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. మిషనరీ జాన్ క్లౌ అక్కడికి చేరింది 1866లో, పన్నెండేళ్ల తరవాత.

ఈ కథ కొండ మీది ప్రార్థనతో ఆగలేదు. 1876–78 నాటి కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి పని ఇచ్చాడు. సహాయం కోసమే మతంలో చేరారన్న మాట రాకుండా కరవు కాలంలో సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు పని ముగిశాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. కొండ ప్రార్థనకు ఇదే జవాబని విశ్వాసులు అంటారు. ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకుల కృషినీ, కులవివక్ష నుంచి బయటపడాలన్న ఆకాంక్షనూ చరిత్రకారులు కారణాలుగా చూపుతారు. ఈ రెండు వివరణలూ ఒకదానికొకటి అడ్డం కాదు. ప్రార్థన వల్ల పని ఆగలేదు, ఫలితం కనిపించని ఏళ్లలో పనిని వదలకుండా పట్టి ఉంచింది.

నిరీక్షణ ఒంటరిగా నిలవడం కష్టం. ఉపవాస కూడిక, కుటుంబ ప్రార్థన, రోగి ఇంట సంఘం చేరి పాడే పాట వంటివాటి ప్రయోజనం ఇదే: నోట మాట రానివాడి తరఫున పక్కవాడు పలుకుతాడు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి ఈ ఉత్తర తీరానికి ఇచ్చిన కానుక ఇక్కడ పెద్దది. ఆయన వందకు పైగా కీర్తనలు రాశాడు. వాటిలో చాలావి రాగతాళాలతో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే పాటల పుస్తకంలో చేరాయి. చదువురానివారు సైతం వాటిని కంఠతా పాడుకుంటూ ప్రార్థించగలిగారు.

ప్రార్థన దారి తప్పే చోట్లూ ఉన్నాయి. స్వస్థత రాకపోతే విశ్వాసం చాలలేదని రోగినే తప్పుపట్టడం పౌలు అనుభవానికే విరుద్ధం. మందులు మానేయడమే విశ్వాసమనడం కూడా పొరపాటే. రోగి మీద ప్రార్థించమన్న యాకోబు పత్రికే, బట్టా తిండీ లేనివాడికి శుభం పలికి పంపేయడం వల్ల ప్రయోజనమేమని అడుగుతుంది. ప్రార్థన, వైద్యం కలిసి నడిచిన ఉదాహరణ దగ్గరలోనే ఉంది: శ్రీకాకుళం జిల్లాలోనే కెనడియన్ బాప్టిస్టు మిషన్ సోంపేటలో ఆసుపత్రి నడిపింది. అక్కడి డాక్టర్ బెన్ గలిసన్ పేదల కంటి వైద్యానికి సాయం కోరడంతో 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ మొదలైంది.

క్రైస్తవ దృష్టిలో ప్రార్థన ఫలితానికి పూచీకత్తు కాదు. బాధను దాచకుండా చెప్పుకునే చోటు, మోయలేని బరువును కలిసి మోసే సంఘం, ఫలితం తన చేతిలో లేకపోయినా చేయగలిగిన పనిని కొనసాగించే ఓపిక దాని వల్ల కలుగుతాయి. నిస్సహాయుడికి అది చూపే ఆశ ఈ మూడింటిలో ఉంది. మిగిలినది దేవుడి చిత్తానికి విడిచిపెట్టాలన్నదే గెత్సేమనే నేర్పే పాఠం.