సోకు

మా అబ్బాయి వేసిన ప్రశ్నతో మొదలైంది ఇదంతా.

పోయిన ఏడాది ఒక శనివారం మధ్యాహ్నం, డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి నా కీబోర్డు మీటలన్నీ ఊడబీకుతున్నాను. పక్కన కొత్త మీటల పెట్టె. ఆకుపచ్చవి, మీగడ రంగువి, అక్కడక్కడ బంతిపువ్వు రంగువి. వాడు వచ్చి కాసేపు చూసి, "ఇవి పెడితే స్పీడ్ పెరుగుతుందా నాన్నా?" అన్నాడు.

"లేదు."

"తప్పులు తగ్గుతాయా?"

"తగ్గవు."

"మరెందుకు?"

ఇరవై ఏళ్ళుగా క్లయింట్ల "ఎందుకు"లకి జవాబులు చెప్పుకుని బతుకుతున్న కన్సల్టెంటుని. పన్నెండేళ్ళ వాడికి చెప్పలేక, "చదువుకోపో" అన్నాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకీ విడిగా ఒక స్విచ్చి, అందులో ఒక స్ప్రింగు ఉంటాయి. స్విచ్చి పైన కూడిక గుర్తు ఆకారంలో చిన్న కాడ ఉంటుంది. మీట దాని మీద టోపీలా కూర్చుంటుంది. అందుకే లోపలి యంత్రాన్ని కదపకుండా టోపీలు మాత్రం మార్చుకోవచ్చు. పూర్తి సైజు అమెరికన్ కీబోర్డుకి ఇవి 104. చాలా రకాల్లో వరసవరసకీ ఏటవాలు వేరు, ఒక వరసది ఇంకో వరసలో పెడితే వేలికి ఎగుడుదిగుడుగా తగులుతుంది. పాతవి ఏబీఎస్ ప్లాస్టిక్‌వి, వేళ్ళ రాపిడికి నూనె రాసినట్టు నున్నబడ్డాయి. కొత్తవి పీబీటీవి, అంత తొందరగా అరగవు. మా ఆవిడకి చెప్పిన కారణం అదే. అసలు కారణం రంగు చూసి మనసు పడటం. ఖరీదు నూట ముప్ఫై డాలర్లు.

మా నాన్నగారుంటే ఒకే మాట అనేవారు: "సోకు." బాపట్లలో ఆయన గవర్నమెంటాఫీసులో టైపిస్టు. సాయంత్రాలు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి లోయరు, హయ్యరు పరీక్షలకి టైపు నేర్పేవారు. ప్రపంచంలోని వస్తువులన్నీ ఆయన లెక్కలో రెండు రకాలు. కళ్ళజోడు అవసరం, దానికి బంగారు రంగు ఫ్రేము సోకు. పెన్ను అవసరం, దానికి క్యాపు మీద మెరుపు సోకు. కార్బను కాయితాన్ని వెలుతురుకి పట్టి చూసి, ఇంకొక్కసారి పనికొస్తుందంటే దాచేవారు.

ఇంతవరకూ అయితే ఇది నవ్వుకుని వదిలేసే సంగతే. కానీ ఆ మీటలు ఆర్డరు చేసిన నాలుగో రోజున మా పిన్ని కొడుకు ఊరి నుంచి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మాయి కాలేజీ ఫీజుకి పన్నెండు వేలు తక్కువైందట. "ఈ నెల కాస్త టైటుగా ఉందిరా" అన్నాను. "పర్లేదులే అన్నయ్యా, ఇంకెక్కడైనా చూస్తాను" అన్నాడు. డాలర్లని రూపాయల్లోకి గుణించుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ రాత్రి మళ్ళీ గుణించాను. నూట ముప్ఫై డాలర్లంటే పదకొండు వేల పైమాటే.

ఎమ్మెస్ చదివే రోజుల్లో ఒక ఎలక్టివ్ కోసం పీటర్ సింగర్ 1972లో రాసిన వ్యాసం చదివాను. దారిలో నిస్సారమైన చెరువులో పసివాడు మునిగిపోతున్నాడు. దిగితే బట్టలు బురదవుతాయి. అయినా దిగుతాం కదా? మరి దూరదేశంలో పోతున్న ప్రాణం కోసం మనకి అవసరం లేని బట్టల డబ్బు ఎందుకివ్వం? దూరం వల్ల ధర్మం మారుతుందా? ఇదీ ఆయన వాదం. అప్పుడు దానికి 'ఎ' గ్రేడు తెచ్చుకున్నాను. ఇప్పుడు దాన్నుంచి తప్పించుకునే దారి వెతకడం మొదలుపెట్టాను.

దారులు దొరికాయి కూడా. సింగర్ మాట అక్షరాలా పాటిస్తే లోకంలో పూలమాల ఉండదు, ముగ్గుండదు. పైగా పనిముట్టుని అలంకరించుకోవడం మనిషికి ఇవాళ పుట్టిన బుద్ధి కాదు. 1874లో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన షోల్స్ - గ్లిడెన్ టైపురైటరు పెద్దక్షరాలు మాత్రమే కొట్టేది. కుట్టుమిషన్ల విభాగంలో తయారైంది కాబట్టి దాని ఒంటినిండా పూలబొమ్మలు వేసి అమ్మారు. ఆ పూల వల్ల ఒక్క అక్షరమైనా తొందరగా పడిందా?

అంతెందుకు, మా నాన్నే దసరాకి టైపురైటరుని తుడిచి, నూనె వేసి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల మాల వేసేవారు. ఆ రోజంతా దాన్ని ముట్టనిచ్చేవారు కాదు. దండ వేస్తే యంత్రానికి స్పీడ్ పెరుగుతుందా? అన్నం పెట్టే వస్తువుకి మర్యాద అది. రోజుకి పది గంటలు నాకు అన్నం పెడుతున్న వస్తువుకి నేను రంగులద్దితే అది మాత్రం సోకెలా అవుతుంది?

ఈ వాదం నాకు చాలా నచ్చింది. అంతగా నచ్చడం వల్లే అనుమానం వచ్చింది.

తేడా దండ ఖరీదులో లేదు. అప్పు కోసం వచ్చినవాళ్ళకి మా నాన్న కూడా చాలాసార్లు లేదనే చెప్పారు. కానీ కారణం చెప్పేవారు. "ఈ నెల మీ అత్తయ్య మందులకి పోయిందిరా, వచ్చే నెల చూద్దాం" అనేవారు. ఆయన ఇంట్లో ఖర్చుకీ, గుమ్మంలో చెప్పే జవాబుకీ మధ్య దాపరికం ఉండేది కాదు. నా దగ్గరా కారణం ఉంది, కానీ అది మా తమ్ముడికి చెప్పగలిగేది కాదు. "రంగు మీటలు కొన్నానురా, అందుకని ఇప్పుడివ్వలేను" అనగలిగి ఉంటే కనీసం నిజం చెప్పినవాణ్ణయ్యేవాణ్ణి. అనలేకపోయానంటేనే, ఆ రెండు ఖర్చుల్లో ఏది ముందో నాకు తెలుసునన్నమాట.

ఎంత ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఈ కొలబద్ద చెప్పదు. సిగ్గులేనివాడికి అసలే పనికిరాదు. అడిగినవాడి ముందు నోరు విప్పి చెప్పుకోలేని ఖర్చయితే, ఇంకోసారి ఆలోచించుకోవాలని మాత్రం చెబుతుంది. నావంటివాడికి ప్రస్తుతానికి అది చాలు. అవసరం కానిదల్లా తప్పని ఇప్పుడు కూడా నేననను. సోకు తప్పు కాదు. దాని కోసం "లేదు" అని అబద్ధమాడటం తప్పు.

రెండు వారాలు ఆగి మా తమ్ముడికి ఫోన్ చేశాను. అప్పటికే నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కట్టేశాడు. జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రంగులు బాగున్నాయా అన్నయ్యా?" అన్నాడు. ఎత్తిపొడుపో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ నాకు తెలియదు. డబ్బు పంపిస్తే అసలు తీసుకుని, వడ్డీ తిప్పి పంపించాడు.

కీబోర్డు మీద మీటలు అలాగే ఉన్నాయి, బాగున్నాయి కూడా. మొన్న దసరాకి దానికి బొట్టు పెడుతుంటే మా అబ్బాయికి పాత ప్రశ్న గుర్తొచ్చింది. ఈసారి చదువుకోపొమ్మనలేదు. బాగున్నాయని కొన్నానని చెప్పాను. ఫోను సంగతీ, నా అబద్ధం సంగతీ కూడా చెప్పాను.

అంతా విని, "బాబాయికి ముందే చెప్పుండొచ్చుగా నాన్నా" అన్నాడు.

ఔను, చెప్పుండొచ్చు.