పొరుగువాడెవడు?
(దైవాజ్ఞానువర్తనమును గూర్చిన యుపన్యాసము)



యేసు మహాత్ముని పరీక్షింప వచ్చినవారిలో ధర్మశాస్త్ర పండితుడొకడు కలడు. నిత్యజీవమునకు ఏమి చేయవలెనని అతడడిగెను. శాస్త్రమేమి చెప్పుచున్నదని యేసు మారడుగగా, దైవమును నిండుమనసుతోను, పొరుగువానిని తనవలెను ప్రేమింపవలెనని తడుముకొనక బదులు చెప్పెను. ఉత్తరము సరియైనదే. అయినను అతడు ఊరకుండక, పొరుగువాడనగా ఎవడని మరల ప్రశ్నించెను.

మేమును ఇరువది యేండ్లుగా న్యాయవాదవృత్తిలో నున్నవారము గావున, ఆ ప్రశ్నలోని నేర్పును చక్కగా నెరుగుదుము. విధిని కాదనుటకు వీలులేనప్పుడు, అందలి యొక మాటకు అర్థమేమని యడిగి, ఆ యర్థమును చేతనైనంత కుదించుట మా వృత్తిలో నిత్యము జరుగు పని. అర్థము కుదిరినకొలది కర్తవ్యము తగ్గును.

యేసు నిర్వచనము చెప్పలేదు, కథ చెప్పెను. యెరూషలేమునుండి యెరికోకు దిగు త్రోవలో దొంగలచే కొట్టువడి కొనయూపిరితో పడియున్న బాటసారిని చూచి యాజకుడొకడు ప్రక్కకు తొలగిపోయెను. లేవీయుడును అట్లే పోయెను. యూదులు చేరనీయని సమరయుడొకడు ఆగి, గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టుగట్టి, తన వాహనముపై నెక్కించి సత్రమునకు చేర్చి, రెండు దేనారములిచ్చి, ఎక్కువైనచో తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పి వెడలెను. ఈ ముగ్గురిలో పొరుగువాడైనవాడెవడని యేసు అడిగెను. సమరయుడను మాట ఆ పండితుని నాలుకకు రాలేదు. దయచూపినవాడని మాత్రము చెప్పెను. నీవును అట్లే నడువుమని యేసు అతనిని పంపివేసెను.

ఈ బోధ మనకు పరాయిది కాదు. 1820వ సంవత్సరమున రాజా రామమోహన రాయ్‌గారు సువార్తలనుండి యేసు నీతిబోధలను ఏర్చికూర్చి కలకత్తాలో ప్రకటించిరి. అద్భుతకార్యములను, మతసిద్ధాంతములను ప్రక్కనుంచి, ఆ బోధయే మానవుల శాంతిసౌఖ్యములకు దారియని నిలిపిరి. శ్రీరామపురపు మిషనరీలు ఆక్షేపింపగా వాదము చాలకాలము సాగెను. 1866లో కేశవచంద్రసేనుగారు యేసు ఆసియా ఖండమున పుట్టినవాడని, మనవాడని యెలుగెత్తి చాటిరి. ఈ చరిత్రను తలచి మనము గర్వపడుట కలదు. కాని విచారించి చూడుడు. క్రైస్తవ సోదరునకు బోధతోపాటు విశ్వాసప్రమాణము కలదు, బాప్తిస్మము కలదు, సంఘము కలదు. మనమవన్నియు విడిచి బోధనొక్కదానినే చేత బట్టితిమి. ఆ యొక్కదానిని గూడ ఆచరణలో జారవిడిచినచో మనచేత మిగులునదేమి?

మా నందవరము ఎమ్మిగనూరు సీమలోని యూరు. ఆదోని, ఎమ్మిగనూరులు 1953 వరకు బళ్లారి జిల్లాలోనివి. 1876 మొదలు 1878 వరకు నడచిన ధాత కరువు ఈ సీమను ఎట్లు మ్రింగెనో పెద్దలు తరతరములుగా చెప్పుచుండిరి. 1877లో సర్ రిచర్డు టెంపుల్ దొర కరువుపనుల కూలిని తగ్గించి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, పైన స్వల్పమైన డబ్బును చాలునని నిర్ణయించెను. ఇంత తక్కువతో కష్టించు శరీరము నిలువదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఆక్షేపించెను. పొరుగువాడెవడని యడిగిన పండితుడు పొరుగువానిని కుదింపజూచెను. ఈ దొర పొరుగువాని ముద్దను కుదించెను. మార్గమొక్కటియే.

అదే కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. బాప్తిస్మమిమ్మని వేలకొలది జనులు వేడినను, అన్నమునకై మతము పుచ్చుకొందురేమోయని యేడాదికి పైగా నిరాకరించెను. కరువుపని ముగిసిన పిదప 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లోకము ఈ సంఖ్యను కొనియాడుచున్నది. మాకు ఆ సంఖ్యకంటె దానికి ముందటి నిరాకరణము గొప్పదిగా తోచుచున్నది. చేసిన మేలునకు వెల గోరకుండుట దైవాజ్ఞను పాలించుటలో కడు కష్టమైన భాగము.

క్రీస్తు నామమును ఒప్పుకొనని మన కర్నూలుసీమవాడే యగు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు ఆ శతాబ్దపు కరువులో వేలమందికి అన్నము పెట్టిరి. యేసు చెప్పిన కథలోని సమరయుడు ఏ నామము జపించెనో ఎవరడిగిరి?

ఇక మా దోషమును విన్నవింతుము. వానలు తప్పిన యేడు మా ప్రాంతపు కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, ముసలివారిని విడిచి, బడిపిల్లలను వెంటబెట్టుకొని గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తితీతలకు పోవుదురు. దీనిని సుగ్గికి పోవుట యందురు. ఒక ఆదివారము మేము ఈ సమరయుని కథపైననే యుపన్యాసము వ్రాసికొనుచుండగా ఆలుమగలిద్దరు వాకిట నిలిచిరి. మేస్త్రీ యొకడు మూడునెలల కూలి యెగవేసెనట. మేము కలమును దించక, రేపు కచేరికి రండని పంపివేసితిమి. మరునాడు వారు రాలేదు. విచారింపగా, పిల్లల తిండికై ఆ రాత్రియే మరల సుగ్గికి బస్సెక్కిరని తెలిసెను. ఆనాడు యాజకుడు దేవాలయ కార్యమునకే పోవుచుండెనేమో. మేమును దైవకార్యమందే యుంటిమని యనుకొంటిమి.

నాటినుండి మేము ఒక నియమము నేర్పరచుకొంటిమి. కూలి విషయమై వచ్చినవారి యర్జీ ఆ గడియలోనే, రుసుము లేక, వ్రాసి యిత్తుము. 1987 నాటి న్యాయసేవల చట్టమున స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, బీదలకు ఉచిత న్యాయసహాయము కలదు. ఆ మాట వారికి తెలుపువారే తక్కువ. మీలో ఉపాధ్యాయులున్నారు, వైద్యులున్నారు, భూస్వాములున్నారు. సుగ్గికి పోవువాని బిడ్డకు ఆరునెలలు మీ యింట చోటిచ్చి బడికి పంపగలరు. వెనుక మిగిలిన ముదుసలిని వారమునకొకసారి చూచి రాగలరు. చదువుకొన్న మనకు సిద్ధాంతములు తెలియక పని ఆగియుండలేదు. వాకిట నిలిచినవానికై లేవకపోవుటచేతనే ఆగియున్నది.

పరమపితా! నీ యాజ్ఞకు అర్థమడుగు నేర్పును మాకు చాలినంత యిచ్చితివి. ఆ యర్థము త్రోవలో పడియున్నప్పుడు ఆగి వంగు వినయమును గూడ అనుగ్రహింపుము. తథాస్తు.