కడ్డీ తిప్పడానికి జంకు

ఫోన్‌లో టైమ్ సెకను తేడా లేకుండా కనబడుతుంటే, నాలుగు వేల కిలోమీటర్ల అవతలున్న చైనా రేడియో స్టేషన్ నుంచి దాన్ని పట్టుకోవాలని నాకెందుకింత తాపత్రయం? హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో పాత ట్రాన్సిస్టర్లు గాలించి, యాంటెన్నాగా పనికొచ్చే ఫెరైట్ కడ్డీలు తెచ్చుకున్నప్పుడు ఇదంతా రేడియో మీద ప్రేమే అనుకున్నాను. ప్రేమ ఉంది, కాదనను. దాని పక్కనే ఇంకో కోరికా ఉంది: ఇక్కడ ఎవరికీ అందనిది నాకు అందాలి.

జర్మనీ 77.5 కిలోహెర్ట్జ్ మీద, బ్రిటన్, అమెరికా 60 మీద, చైనాలోని షాంగ్‌చ్యూ 68.5 మీద టైమ్ చెబుతాయి. మన నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దగ్గర సీజియం గడియారాలున్నా, అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో టైమ్ చెప్పే స్టేషన్ మనకు లేదు. లేదు కాబట్టే నాకు కావలసి వచ్చిందేమో.

68.5 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 4.4 కిలోమీటర్లు. దాన్ని పట్టడానికి జానెడు కడ్డీ, రాగి తీగ చుట్లు, తగిన కెపాసిటర్ చాలు. కాకపోతే కడ్డీకి దిశ ఉంటుంది. స్టేషన్‌కి అడ్డంగా పెడితే బాగా అందుతుంది, కొన అటు తిరిగితే సిగ్నల్ పడిపోతుంది. ముందు కెపాసిటర్ మార్చి, తిరునల్వేలి జిల్లాలోని నౌకాదళ స్టేషన్‌తో 18.2 కిలోహెర్ట్జ్ మీద పరీక్షించాను. అది మనకు దాదాపు నేరుగా దక్షిణం. కడ్డీ తూర్పు పడమరలుగా ఉన్నప్పుడు లాప్‌టాప్ తెర మీద ఆ సిగ్నల్ గీత వెలిగింది, దక్షిణానికి తిప్పితే మాసిపోయింది. ఎంత నిశ్చింతగా తిప్పానో! పోయినా నాదేం పోదు కదా.

చైనా సిగ్నల్ కోసం మాత్రం ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్ అన్నీ ఆపించాను. వాటి రొద ఆ బ్యాండ్‌ని ముంచేస్తుంది, నిజమే. ఉక్కపోతకి విసుక్కున్న మా ఆవిడ మీద కోపం రావడానికి కారణం మాత్రం వేరు. ఈ పని గొప్పదని ఆమె ఒప్పుకోలేదు.

అర్ధరాత్రి దాటాక 68.5 దగ్గర సన్నని గీత వచ్చింది. చేయాల్సింది తెలుసు. కడ్డీ కొనని ఈశాన్యానికి తిప్పాలి. అప్పుడూ మాసిపోకపోతే అది ఏ పక్కింటి పవర్ సప్లయో కావచ్చు. నేను ముందు ఫోటో తీసుకున్నాను. ఎవరెవరికి పంపాలో కూడా అనుకున్నాను. కడ్డీ మీద చెయ్యి ఉంది, తిప్పబుద్ధి కాలేదు. తెలుసుకోవాలన్న కోరిక కంటే ఆ గీత ఉండాలన్న కోరికే పెద్దదని అప్పుడు అర్థమైంది. మనుషుల గురించి, నా గురించి నేను నమ్ముకున్నవాటిలో ఇలా తిప్పి చూడకుండా దాచుకున్నవి ఎన్నో. మీ దగ్గరా ఒకటో రెండో ఉండొచ్చు.

చివరికి తిప్పాను. గీత కొంచెం తగ్గింది, అంతే. రాత్రిపూట వాతావరణం పైపొర నుంచి తిరిగొచ్చే తరంగం వల్ల సిగ్నల్ పూర్తిగా పోదన్న సంగతి వెంటనే గుర్తొచ్చింది. సంగతి నిజమే, కానీ అది అంత త్వరగా గుర్తు రావడమే అనుమానంగా ఉంది. ఆ ఫోటో ఎవరికీ పంపలేదు. నిజాయితీ కొద్దీ ఆగానో, ఎవరైనా తప్పు పడతారన్న భయంతో ఆగానో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.