చేవ్రాలు దేనికి సాక్షి?

38 సంవత్సరములు గుమాస్తాగిరిలో గడపిన మాకు వేదాంతము తెలియదు. చేవ్రాలు మాత్రము తెలియును. కాగితముపై ఒకఁడు తన పేరు వ్రాసినపుడు అతఁడు దేనికి కట్టుపడుచున్నాఁడు? చిరకాలముగ మమ్ము వేధించిన ఈ ప్రశ్నకు కొంత సమాధానము, ఈ బెంగుళూరు నగరమున మా చిన్న కుమారుఁడు చేయుచున్న పనిలో దొరకినది.

1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెల్ నేడు ఆండ్రాయిడ్ చేతిఫోనులలోను, పెద్ద సర్వర్లలోను పనిచేయుచున్నది. దాని మూలపాఠము ఎల్లరకును బహిరంగము. కెర్నెల్‌కును, తగిలించిన పరికరమునకును నడుమ దుబాసీ వంటిది డ్రైవరు. క్రొత్త డ్రైవరు వ్రాసినవాఁడు దానిని ప్యాచ్‌గా కూర్చి, ఆ శాఖ నిర్వాహకునికి పంపవలెను. ఒక్కొక్క ప్యాచ్‌లో ఒక్క మార్పే యుండవలెను. ఆ మార్పు ఏల అవసరమో పైన వివరింపవలెను. తిరిగి వచ్చినచో దిద్ది, రెండవ ప్రతి, మూఁడవ ప్రతి యని సంఖ్య వేసి మరల పంపవలెను.

క్రింద ‘సైన్డ్ ఆఫ్ బై’ అని తన పేరు వ్రాయవలెను. 2004లో వచ్చిన ఈ నియమమున కర్థము: దీనిని నేనే వ్రాసితిని, లేదా ఇచ్చుటకు నాకు హక్కు కలదు. చదివి పరిశీలించినవాఁడు ‘రివ్యూడ్ బై’ అనియు, పరికరముపై నడపి చూచినవాఁడు ‘టెస్టెడ్ బై’ అనియు వేఱుగ చెప్పుదురు. పరిశీలకుఁడు సైతము తనకు తెలిసినంతలో అడ్డుచెప్పఁదగిన దోషము లేదనునే గాని, దోషమే లేదని పూచీపడఁడు.

ఇది విన్నపుడు మాకు 1989 నాటి యొక సంగతి స్ఫురించెను. మరణించిన ఒక బంట్రోతు సర్వీసు పుస్తకమున ఉద్యోగప్రవేశపు తేదీ తప్పుపడెను. దానిపై మూఁడు పొడి సంతకము లుండెను, అందొకటి మాది. అసలు కాగితముతో సరిచూచినవాఁ డొక్కఁడును లేఁడు. పైవారు చూతురని మేమును, క్రిందివారు చూచిరని పైవారును తలఁచితిమి. అతని భార్యకు 14 నెలలు పింఛను రాలేదు. ఆమె మా కార్యాలయపు మెట్లెక్కి వచ్చినపుడెల్ల మేము దస్త్రములోనికి తల వంచుకొంటిమి. మా సంతకమునకు ‘చదివితిని’ అను అర్థమా, ‘చూచితిని’ అను అర్థమా, ‘నా బల్ల దాటినది’ అను అర్థమా? అన్నిటికిని ఒకే గీత గనుక ఏ అర్థమును లేకపోయెను.

ఎంత చేసినను అబద్ధపు చేవ్రాలును నియమ మాపఁగలదా యని అడుగవచ్చును. ఆపలేదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, పరిశీలకుల జాగరూకతను పరీక్షింపఁదలఁచి, మారుపేర్లతో బుద్ధిపూర్వకముగ లోపభూయిష్ఠమైన ప్యాచ్‌లు పంపిరి. 2021లో ఇది పెద్ద వివాదమై, ఆ విశ్వవిద్యాలయమువారి ప్యాచ్‌లను నిలిపివేసిరి. పరిశోధకులు క్షమాపణ చెప్పిరి. కాని అంతకుముందు అక్కడివారు పంపిన సవరణలను సైతము మరల తిరగవేయవలసి వచ్చెను. వానిలో అత్యధికభాగము సరియైనవే యని తేలెను. కొందఱి అసత్యమునకు నిజాయతీపరుల పేర్లు పరీక్షకు నిలువవలసి వచ్చెను గదా!

మా కుమారుఁడు మూఁడవ ప్రతి సిద్ధము చేయుచు, “నాన్నగారూ, మా స్నేహితుఁడు చూచి బాగున్నదన్నాడు. పరిశీలించెనని అతని పేరు వేయనా?” అనెను. “అతఁడు చదివెనా? నీవు అడిగితివా?” అంటిమి. వాఁడు సిగ్గుపడి అడిగెను. తన పేరు పడునని తెలిసి ఆ స్నేహితుఁడు ఆ రాత్రి పంక్తి పంక్తియు చదివి, పరికరము మొరాయించినపుడు ముందు తీసికొన్న స్మృతిభాగమును తిరిగి విడువలేదని పట్టెను. ప్యాచ్ మరునాఁడు గాక, నాలుగు దినముల తరువాత వెళ్ళెను.

చేవ్రాలు సత్యమునకు హామీ కాదు. చదువవలసిన భారమును ఒకని తలపై నుంచునది మాత్రమే. మన సంఘపు జమాఖర్చుల పుస్తకముపై పేరు వ్రాయునపుడైనను ఈ మాట తలఁపునకు వచ్చుఁగాక. 1989లో ఆ ఒక్క ప్రశ్న మమ్మెవ్వరైన అడిగియున్నచో ఆ యిల్లాలు అన్ని మార్లు మెట్లెక్కియుండదు.