దానమిచ్చిన కోడ్‌కు యజమాని ఎవరు?

తెర మీద కనిపించే మీటలను, పట్టికలను, పేజీలను రూపొందించేందుకు ముందుగానే సిద్ధం చేసి ఉంచిన కోడ్ చట్రాన్ని ఫ్రంట్‌ఎండ్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. ఫేస్‌బుక్ 2013లో మూల కోడ్‌తో సహా అందరికీ విడుదల చేసిన రియాక్ట్‌ను చాలామంది ఆ కోవలోనే చేరుస్తారు. 2023లో ఐటీ టవర్ ప్రారంభమైన సిద్దిపేటలోనైనా, మరెక్కడైనా, రియాక్ట్ ఉచితమేనా, మార్చుకోవచ్చునా, రేపు వెనక్కి తీసుకుంటారా అని కోడింగ్ అభ్యాసకులు అడిగేవన్నీ దానధర్మానికి సంబంధించిన ప్రశ్నలే. తనపై పేటెంటు దావా వేసినవారికి రియాక్ట్ వాడకానికి ఇచ్చిన పేటెంటు అనుమతి రద్దవుతుందన్న నిబంధనపై విమర్శలు రాగా, ఫేస్‌బుక్ 2017లో దానిని తొలగించి, కాపీరైట్ ప్రకటనను, అనుమతి పాఠాన్ని నిలిపి ఉంచితే చాలుననే ఎంఐటీ లైసెన్సును స్వీకరించింది. ఉమ్మడి మెదక్ జిల్లాలోని కొల్చారం వాసిగా ప్రసిద్ధుడైన మల్లినాథసూరి వ్యాఖ్యానించినందువల్ల కాళిదాసు కావ్యాలు తరగలేదు; అలాగే ఇతరులు వాడుకున్నందువల్ల కోడ్ కూడా తరగదు కనుక, జ్ఞానదాతకు మిగలవలసినది కర్తగా గుర్తింపు ఒక్కటేనని వాదించవచ్చు. అయితే కోడ్‌ను నిత్యం సంరక్షించే శ్రమను ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఆ వాదం సమాధానం చెప్పదు.