చప్పట్ల బాకీ

నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం నాటి రొట్టెల పండుగకు జనం నీళ్లలో దిగుతారు. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరుకునేవారు పుచ్చుకుంటారు. ఆ దర్గాలోని పన్నెండుమంది అమరుల పేర్లు వరసగా చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. భక్తికి మాత్రం లోటు లేదు.

పేర్లు మరిచినా నిలిచే అంత ఓపిక ఫుట్‌బాల్ అభిమానానికి ఏదీ? 1950 నుంచి అయిదేళ్లు వరసగా రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ‘మైదాన్’ సినిమా పుణ్యమా అని ఆ జట్టు కోచ్ రహీం పేరైనా వినిపిస్తోంది. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం సంగతి వేరు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణంలోనూ అతని వాటా ఉంది. మరుసటి ఏడే అనారోగ్యం ఆట మాన్పించింది. అతని జోడీలు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలకు పద్మశ్రీలు వచ్చాయి. బలరాంకు మాత్రం 2023లో కన్నుమూసేదాకా రాలేదు.

ఆటగాడికి బిరుదులెందుకు అనొచ్చు. కానీ ఫలాపేక్ష వద్దని గీత చెప్పింది ఆడేవాడికి, చప్పట్లు కొట్టినవాడికి కాదు. ఆటగాడి వైరాగ్యం అభిమాని బాకీ ఎగ్గొట్టడానికి సాకు కాజాలదు.

ఋషులకు మనం పడ్డ బాకీ, అంటే ఋషిఋణం, అధ్యయనంతో తీరుతుందంటారు పెద్దలు. ఆ లెక్కన మైపాడు తీరపు ఇసుకలో బంతి తన్నే పిల్లలకు హంగరీ మ్యాచ్ కథ చెప్పినా కొంత జమే. బలరాం సహచరులు పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్‌ల కథలూ ఆ ఖాతాలోవే.